గురువారం చీటీ

పొద్దున్న ఏడయ్యేసరికి అత్తగారు వంటింట్లో కొడుకు క్యారేజీ సర్దుతోంది. కింద గిన్నెలో కూర, పై గిన్నెలో అన్నం, రోజూ ఉండే వరసే. కోడలు గడప దగ్గర కూర్చుని నాలుగేళ్ళ పాపకి జడ వేస్తూ ఆవిడనే చూస్తోంది. అత్తగారు కడిగి నీళ్ళు వంచిన బియ్యం గరిటెతో తీసి పై గిన్నెలోకి నింపింది. ఉడకని బియ్యం, ఇంకా తడి ఆరనేలేదు. గరిటె వెనకవైపుతో నున్నగా అదిమి, అంచున పడిన రెండు గింజల్ని వేలితో లోపలికి తోసి, మూతపెట్టి క్లిప్పు బిగించింది. పొయ్యి మీద కుక్కర్ ఖాళీగా ఉంది.

అత్తయ్యా అని ఒక్క పిలుపు చాలు. ఆ పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇవాళ గురువారం. సాయంత్రం చీటీలో రాయడానికి కోడలి దగ్గర ఏమీ లేదు.

ఆమె జడ చివర రబ్బరు బ్యాండు బిగించి, తల పక్కకి తిప్పుకుంది.

భర్త స్నానం చేసొచ్చి, తల కూడా సరిగ్గా తుడుచుకోకుండా క్యారేజీ అందుకున్నాడు. అతను లిఫ్టు మెకానిక్. కొత్తగా కడుతున్న ఇరవై అంతస్తుల భవనంలో పని. పైకి ఎక్కాడంటే సాయంత్రం నాలుగింటిదాకా కిందికి దిగడు. కోడలు కిటికీ దగ్గర నిలబడి అతను వీధి దాటేదాకా చూసింది. కేకేస్తే వినపడే దూరమే. కేకెయ్యలేదు.

ఈ చీటీల అలవాటు మొదలై ఆర్నెల్లయింది. అసలు దానికి కారణం ఆమె భయమే. పాప పుట్టినప్పటినుంచీ ఆమెకి ప్రతిదీ భయమే. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. మెట్లు చూస్తే భయం, మూసిన తలుపు చూస్తే భయం, తెరిచిన తలుపు చూస్తే ఇంకా భయం. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తల్లికి జబ్బు చేస్తే కుట్టుమిషను ముందు కూర్చుంది, మళ్ళీ లేవలేదు. ఎవరేమడిగినా "చదువులేనిదాన్ని, నాకేం తెలుస్తుంది" అనడం అలవాటైపోయింది.

నవ్వితే భయం తగ్గుతుందట, స్టాండప్ కామెడీకి తీసుకెళ్తానని ఒకరోజు భర్త అన్నాడు. తీరా ఫోన్లో టికెట్టు ధర చూసి ఫోన్ బోర్లా పెట్టేశాడు. ఇద్దరూ రెండు గంటలు నవ్వుకునే డబ్బుతో పాపకి బూట్లు, రెండు గౌన్లు వస్తాయి. ఆ తర్వాత ఎవరో చెప్పారు. మూడు వీధుల అవతల, కుర్చీలూ బల్లలూ అమ్మే దుకాణం మేడమీద, గురువారాలు అయిదున్నర నుంచి ఏడు దాకా ఒక ఆట ఉంటుందని. పెద్ద హాళ్ళలో చెప్పబోయే జోకుల్ని కమెడియన్లు ముందు ఇక్కడ చెప్పి చూసుకుంటారు. టికెట్టు లేకుండా వెళ్ళే దారీ ఉంది. గుమ్మం దగ్గర ఒక రేకు డబ్బా పెడతారు. మన ఇంట్లో నిజంగా జరిగిన సంగతి ఏదైనా చీటీ మీద రాసి అందులో వేస్తే ఇద్దరు లోపలికి పోవచ్చు. కమెడియన్ వాటిని తీసి చదివి, అప్పటికప్పుడు జోకు అల్లుతాడు. బాగా నవ్వించిన చీటీ రాసినవాళ్ళకి మరుసటి వారం ముందు వరసలో కుర్చీలు.

"డబ్బున్నవాళ్ళు చేతులూపుకుంటూ వెళ్ళి నవ్వుకుని వస్తారు, మనం నవ్వాలంటే సరుకు మోసుకెళ్ళాలి" అన్నాడు భర్త. అలాగే మోసుకెళ్ళారు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నడకే. అక్కడ తినుబండారాలు మూడింతల రేటు కాబట్టి ఇంట్లోనే తిని వెళ్ళడం, మంచినీళ్ళ సీసా వెంట తీసుకెళ్ళడం, విరామంలో ఒక టీ కొని ఇద్దరూ పంచుకోవడం. ఫ్యాను ఎడమ గోడకే ఉందని మొదటి వారమే కనిపెట్టి, బెంచీలో ఆ చివరే కూర్చోవడం. పాపని అత్తగారు చూసుకునేది.

ఆమె రాసిన మొదటి చీటీ భర్త గురించే. "మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. మా పుట్టింటికొస్తే మాత్రం మెట్లెక్కే వస్తాడు, దారిలో మనసు మారితే వెనక్కి దిగిపోవచ్చని." గళ్ళచొక్కా కమెడియన్ అది చదవగానే హాలంతా ఘొల్లుమంది. ఎప్పుడు చూసినా అదే చొక్కాతో కనిపిస్తాడని అతనికి ఆ పేరు వాళ్ళిద్దరే పెట్టుకున్నారు. ఆ నవ్వు వినపడగానే ఆమె ఒళ్ళు జలదరించింది. నువ్వెంతదాకా చదివావని ఎవరూ అడగలేదు. అరవైమంది ఆమె మాటకి నవ్వారు. ఆ గంటన్నరలో పాప గుర్తుకొచ్చినా గుండె దడదడలాడలేదు.

భర్త గురించిన సంగతులు నెలన్నరలో అయిపోయాయి. తన గురించి రాసినవి మూడు వారాలు నడిచాయి. ఆ తర్వాత అత్తగారు దొరికింది.

అత్తగారు ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మూడేళ్ళ కిందట మానేసింది. మాటకి మాట అంటించే మనిషి. ఈమధ్య ఏవో తమాషా పనులు చేస్తోంది, చేసి తనే ముందు నవ్వేస్తోంది. సబ్బు కొనడానికి వెళ్ళి, మండుటెండలో ఎవరిదో గొడుగు పట్టుకొచ్చింది, అదీ వేసుకోకుండా చంకలో పెట్టుకుని. దుకాణం అద్దంలో తననే చూసుకుని "ఈవిడెక్కడో తెలిసినావిడలా ఉందమ్మాయ్. పలకరిస్తే పలకదు, ఎంత పొగరో" అంది. కోడలు పడీపడీ నవ్వింది. గురువారం హాలూ అలాగే నవ్వింది. వరసగా మూడు వారాలు ఆమె చీటీయే గెలిచింది. గళ్ళచొక్కా డబ్బాలో చెయ్యి పెడుతుంటే "బామ్మ వచ్చిందా?" అని వెనక వరసలవాళ్ళు అడగడం మొదలెట్టారు.

అప్పటినుంచి కోడలి చూపు మారింది. చెరువులో కొంగ నిలబడ్డట్టు, కదలకుండా అత్తగారిని చూస్తూ ఉండటం అలవాటైంది. ఆవిడ చెయ్యి పొరపాటు వైపు వెళ్తుంటే ఆపడం మానేసి, పూర్తయ్యేదాకా ఆగేది.

మధ్యాహ్నం భర్త ఫోన్ చేశాడు. క్యారేజీ సంగతి చెప్పాడు. కూర ఒక్కటే తిన్నాడట, పక్కవాడు సగం రొట్టె ఇచ్చాడట. నువ్వు చూసుకోలేదా అని అడిగాడు. అప్పుడు పాపకి జడ వేస్తున్నానండీ అంది ఆమె. అది అబద్ధం కాదు. అందుకే నోటికి తేలిగ్గా వచ్చింది. అవతల గాలి హోరుగా వీస్తోంది. అతను నవ్వి, పోనీలే, చీటీకి పనికొస్తుంది అన్నాడు.

నాలుగింటికి ఆమె ప్యాంట్ల అంచులు కుట్టడం ముగించింది. పక్క వీధిలో లాండ్రీ నడిపే అక్క ఇచ్చే పని అది. ఆరింటికి వచ్చి ఆవిడే తీసుకెళ్తుంది. కోడలు ప్యాంట్లన్నీ నీలం సంచిలో సర్ది, మిషను పక్కన పెట్టి, లాండ్రీ అక్క రాగానే ఈ సంచి ఇవ్వమని అత్తగారికి రెండుసార్లు చెప్పింది. అత్తగారు వినలేదు. మంచం అంచున కూర్చుని, నిద్రపోతున్న పాపని చూస్తోంది. చాలాసేపు చూసింది.

"అమ్మాయ్, ఈ పాపని ఎవరికి అప్పగించాలి?"

కోడలు నవ్వింది. "నాకే అత్తయ్యా, ఇంకెవరికి?"

అత్తగారు ఆమెని తలనుంచి కాళ్ళదాకా చూసింది. ఆ తర్వాత తనూ నవ్వింది. కానీ ఆ నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. "అవునవును. నీకేగా."

కోడలి మెడ వెనక చల్లగా ఏదో పాకినట్టయింది. అదేమిటో ఆలోచించేలోపే చెయ్యి కాగితం మీదికి పోయింది. పొద్దుటి బియ్యం సంగతి కింద దీన్నీ రాసింది. ఒకే చీటీలో రెండు. వచ్చే వారం కూడా ముందు కుర్చీలు మనవే అనుకుంది.

హాలు గుమ్మం దగ్గర ఫోన్లు కట్టేయించి గుడ్డసంచుల్లో వేయించారు. కొత్త జోకులు ఎవరూ రికార్డు చేయకూడదని అక్కడి కట్టడి. ప్రతివారం ఆ సంచి చూసి ఆమె తేలికపడేది, ఈ గంటన్నరా ఏ కబురూ రాదని. ఇవాళ ఎందుకో ఫోన్ కట్టేసే ముందు ఒకసారి దానివైపు చూసుకుంది. భర్త టీ తెచ్చాడు. ఆమె సగం కూడా తాగలేదు.

మొదట వచ్చిన ఇద్దరూ అంతంతమాత్రం. ఆరుంపావుకి గళ్ళచొక్కా మైకు పట్టుకున్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసి, అక్షరాలు చూస్తూనే గుర్తుపట్టాడు. "ఇదిగో, మన బామ్మ వచ్చేసింది" అన్నాడు. చప్పట్లు మోగాయి. బియ్యం సంగతి చదివాడు. "ఇన్నేళ్ళు వండిపెట్టాను, ఇక నువ్వే వండుకో నాయనా అని చెప్పడానికి ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఉందా?" అన్నాడు. హాలు విరగబడి నవ్వింది. భర్త కూడా నవ్వాడు, కానీ తల వంచుకుని.

గళ్ళచొక్కా చీటీలో రెండోది చదివాడు. "ఈ పాపని ఎవరికి అప్పగించాలి అని అడిగింది." జోకు రాకముందే జనం నవ్వేశారు. అతను జోకు చెప్పడానికి నోరు తెరిచి ఆగాడు. చీటీ తిరగేసి చూశాడు. వెనక జేబులోంచి ఒక చిన్న కట్ట తీశాడు. పెద్ద హాల్లో చెప్పడానికి దాచుకున్న పాత చీటీలు అవి. వాటినీ, చేతిలో ఉన్నదాన్నీ ఒక్కొక్కటే, జోకు కలపకుండా చదివాడు. గొడుగు. అద్దంలో తెలిసినావిడ. పచ్చి బియ్యం. పాప. ఒక్కొక్క చీటీకీ నవ్వు కొంచెం కొంచెం తగ్గింది.

"ఇది రాసినవాళ్ళు ఇక్కడే ఉండుంటారు కదా" అన్నాడు, మైకు కిందికి దించి. "ఇప్పుడు ఆ పాప ఎవరి దగ్గరుంది?"

అదీ ఆటలో భాగమనుకుని వెనకెవరో కిసుక్కుమన్నారు. కోడలు లేచి నిలబడింది. ఒళ్ళోని నీళ్ళసీసా దొర్లుకుంటూ వేదిక కిందికి పోయింది. అరవైమందీ ఆమెవైపే చూశారు. ఆమెకి ఎవరూ కనపడలేదు.

ఫోన్ తెరవగానే తొమ్మిది పిలుపులు, అన్నీ లాండ్రీ అక్క నుంచే. తిరిగి చేస్తే కలవలేదు. మూడు వీధులూ పరుగే. భర్త దారిలో ఒక్కసారే అన్నాడు, ఏమీ కాదులే అని. ఆ మాట ఆమెకి చెప్పినట్టు లేదు.

తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల దీపం వెయ్యలేదు. అత్తగారు మంచం మీద కూర్చుని పాప గౌన్లు ఒకదానిమీద ఒకటి మడతపెడుతోంది. మంచం మీద పాప లేదు. మిషను పక్కన నీలం సంచి పెట్టింది పెట్టినట్టే ఉంది. అంటే లాండ్రీ అక్క రానేలేదు, ఆ పిలుపులు సంచి కోసమే అనుకుంది కోడలు.

"పాపేదీ అత్తయ్యా?"

"అప్పగించేశానమ్మా."

"ఎవరికి?"

"వాళ్ళవాళ్ళే వచ్చారు. తలకింద చెయ్యి ఆనించి పట్టుకోమని చెప్పాను. బంగారుతల్లి, ఏడవనైనా ఏడవలేదు." పని ముగిసిన మనిషిలా చేతులు తుడుచుకుని, ఆమె మొహంలోకి మర్యాదగా చూసింది. "నువ్వెవరి కోసం వచ్చావమ్మా?"

భర్త తల్లి భుజాలు పట్టుకుని ఊపేశాడు. ఎవరికిచ్చావు, మగా ఆడా, ఎటు వెళ్ళారు అని అడిగిందే అడిగాడు. ఆవిడ అతని చేతుల్ని చూసి భయపడి గోడకి జరిగింది. అతను వదిలేసి వీధిలోకి పరిగెత్తాడు. పాపని పిలుస్తున్న అతని గొంతు కాసేపు దగ్గరగా, కాసేపు దూరంగా వినపడింది. తర్వాత వినపడలేదు. కోడలు నేలమీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ భయపడని సంగతి లేదు. పక్కింటి కుక్కకి, వాన చినుకుకి, గాలికి కూడా భయపడింది. ఈ ఒక్కదానికీ నవ్వింది. నవ్వి, కాగితం మీద పెట్టింది.

పావుగంట తర్వాత మెట్లమీద అడుగుల చప్పుడైంది. లాండ్రీ అక్క, ఆవిడ భుజం మీద పాప, వెనక భర్త. పాప చేతిలో సగం కొరికిన బిస్కెట్టు ఉంది.

కోడలు పాపని లాక్కుని గుండెకి అదుముకుంటే, పాప నొప్పిగా ఉందని గింజుకుంది. లాండ్రీ అక్క గుమ్మంలోనే నిలబడి చెప్పింది. సంచి కోసం ఆరింటికి వచ్చిందట. పెద్దావిడ నిద్రపోతున్న పిల్లని తువ్వాల్లో చుట్టి చేతుల్లో పెట్టి, తలుపు వేసేసుకుందట. వేళాకోళమనుకుని తలుపు కొడితే కిటికీలోంచి చూసి, ఇంకెందుకున్నావు, వెళ్ళి బిడ్డకి పాలివ్వు అందట. దుకాణంలో ఇస్త్రీపెట్టె వేడెక్కుతుండగా వదిలేసొచ్చిందట, అందుకని పిల్లని వెంటబెట్టుకుని పోయింది.

"తొమ్మిదిసార్లు చేశానమ్మా. చివరికి ఫోన్‌లో చార్జింగే అయిపోయింది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "వచ్చింది నేను కాబట్టి సరిపోయింది" అని, మిగతాది చెప్పకుండా మెట్లు దిగింది.

తలుపు పడగానే భర్త తల్లివైపు తిరిగాడు. అతని గొంతు అంత కటువుగా ఉండగా కోడలు ఎప్పుడూ వినలేదు. నీ చేతిలో పిల్లని పెట్టి మేం పోతే నువ్వు చేసేది ఇదా అన్నాడు. పాప తల్లి చేతుల్లోంచి జారి, నేరుగా నానమ్మ దగ్గరికి వెళ్ళి ఆవిడ మోకాలు పట్టుకుంది. అత్తగారు పాపని చూసింది. ఆ మొహంలో ఏదో తెర తొలిగింది. పాప ఒంటిమీదున్న తువ్వాల్ని చేత్తో తడిమి, నెమ్మదిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆవిణ్ణి అనకండి" అంది కోడలు. "పొద్దున్న క్యారేజీలో బియ్యం పెడుతుంటే నేను చూశాను."

"చూసి?"

"ఊరుకున్నాను. చీటీలో రాయొచ్చని."

అతను గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"క్యారేజీ విప్పి పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నా. ఇది నవ్వే సంగతి కాదని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఫోన్లో నవ్వేశా. నవ్వేస్తే అది అంతటితో పోతుందనుకున్నా."

"ఏం చీటీ?" అంది అత్తగారు.

కోడలు దాచలేదు. డబ్బా సంగతి, గొడుగు సంగతి, అద్దం సంగతి, బామ్మ వచ్చిందా అని జనం అడగడం, అన్నీ చెప్పింది. తల దించుకునే చెప్పింది. అత్తగారు అడ్డు రాకుండా విన్నది.

"నవ్వారా?"

"నవ్వారు అత్తయ్యా."

"అందరూనా?"

కోడలు తలూపింది.

"ముప్ఫై ఏళ్ళు చేశానమ్మాయ్ ఆ పని. ఎంతమంది బిడ్డల్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి ఇచ్చానో లెక్కలేదు. ఒక్క బిడ్డని తప్పు చేతుల్లో పెట్టలేదు." ఆవిడ కోడలి మొహంలోకి చూసింది. "ఆ మాట రాశావా ఎప్పుడైనా?"

"రాయలేదు."

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. అత్తగారు ఏడవలేదు. పాపని ఒళ్ళోకి తీసుకుని, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, ఒళ్ళోంచి తీసి కొడుకు పక్కన కూర్చోబెట్టింది.

"నాకు తెలుస్తూనే ఉంది. నాలుగు నెలలైంది. వీధిలో నిలబడితే ఇల్లు ఎటో తెలియదు ఒక్కోసారి. నీకు చెబుదామంటే నువ్వసలే భయస్తురాలివి. నేను ముందు నవ్వేస్తే నువ్వూ నవ్వేదానివి. వారానికోసారి మీరిద్దరూ నవ్వుకుంటూ మెట్లెక్కి వస్తుంటే, అది చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నా. తప్పు నాదీ ఉంది."

భర్త రేపు సెలవు పెడతానన్నాడు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దామని, వరస చీటీ కోసం తను ముందే పోయి నిలబడతానని చెప్పాడు. చెబుతూనే మొహం అటు తిప్పుకున్నాడు.

"వెళ్దాం లేరా. దానికి ముందు ఒక మాట, ఇప్పుడు తెలివిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. పాపని నా ఒక్కదాని దగ్గర వదలొద్దు. రేపు నేనే మాట మార్చి, ఏం నమ్మకం లేదా నామీద అని కొట్లాడతాను. అప్పుడు కూడా వదలొద్దు." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నువ్వు నవ్వడం మానకు. నేను తమాషా పనే చేస్తే నవ్వుకో. కానీ ముందు నా చెయ్యి పట్టుకుని ఆపు. ఆ తర్వాత నవ్వుకో."

కోడలు మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది. తప్పయిపోయింది అత్తయ్యా అని అందో, అనాలనుకుందో తెలియదు. బయట వీధి దీపాలు వెలిగాయి. భర్త లేచి తలుపు గడియ వేసి, ఒకసారి లాగి చూసి, మళ్ళీ లాగి చూశాడు. పాప బిస్కెట్టు ముక్క నానమ్మ నోటికి అందిస్తోంది.

కొంతసేపటికి అత్తగారి చెయ్యి కోడలి తల మీదికి వచ్చింది. నెమ్మదిగా, పసిబిడ్డల తల నిమిరే అలవాటున్న చెయ్యి, జుట్టు చెరగకుండా నిమురుతోంది. "ఏడవకు తల్లీ, మీవాళ్ళు వచ్చేస్తారు" అంది ఆవిడ.

కోడలు తలెత్తలేదు. ఆ చెయ్యి తీసి తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుంది.

"వచ్చేశాం అత్తయ్యా" అంది.